‘గుడ్డు వల్ల ఎత్తు పెరిగింది’ అని రాయొచ్చా? స్టడీ డిజైన్ల గురించి ఒక విద్యార్థినికి జవాబు

ప్రశ్న క్లుప్తంగా ఇదీ. ఎమ్మెస్సీ న్యూట్రిషన్ రెండో సంవత్సరం చదువుతున్న ఒక అమ్మాయి అంగన్‌వాడీకి వచ్చి రోజూ గుడ్డు తినే పిల్లల్ని 150 మందిని, అంగన్‌వాడీకి రాని పిల్లల్ని 150 మందిని తీసుకుని, ఎత్తు కొలిచి పోల్చాలనుకుంటోంది. దీన్ని గైడ్ క్రాస్ సెక్షనల్ అన్నారు, సీనియర్ కేస్ కంట్రోల్ అంది, ఒక ఫ్రెండ్ కోహార్ట్ అంది. ఏది కరెక్ట్? చివర్లో ‘గుడ్డు వల్ల పిల్లల ఎత్తు పెరిగింది’ అని రాయొచ్చా? థీసిస్ ప్లాన్‌ను క్లుప్తంగా చెప్పే సినాప్సిస్ ఇవ్వడానికి పది రోజులే ఉందట, చాలా టెన్షన్‌గా ఉందట.

అమ్మా, ముందు మీ టెన్షన్ తగ్గే మాట చెప్తాను. మీ గైడ్ చెప్పిందే సరైనది. పిల్లల్ని ఒకే ఒక్కసారి చూసి, అదే రోజు గుడ్డు సంగతీ ఎత్తు సంగతీ రెండూ తెలుసుకుంటే దాన్ని క్రాస్ సెక్షనల్ స్టడీ అంటారు. సినాప్సిస్‌లో ఆ పేరు రాసి ఇచ్చేస్తే ఎవరూ తప్పు పట్టరు. కానీ మీ రెండో ప్రశ్నే అసలు ప్రశ్న. ఇప్పుడున్న ప్లాన్‌తో ‘గుడ్డు వల్ల’ అని రాయకూడదు. ‘గుడ్డు తినే పిల్లలు సగటున ఇంత ఎత్తున్నారు, తినని పిల్లలు ఇంత ఎత్తున్నారు’ అన్నంత వరకే మీకు హక్కు ఉంటుంది. పుస్తకాల్లో కనిపించే డిజైన్ల పేర్లన్నీ ఈ ‘వల్ల’ అనే చిన్న మాట చుట్టూనే తిరుగుతాయి. ఆ మాటను ఏ డిజైన్ ఎంత ధైర్యంగా రాయనిస్తుంది అన్నదే వాటి మధ్య తేడా.

నేను మెడికల్ కాలేజీలో ఇరవై ఎనిమిదేళ్లు స్టాటిస్టిక్స్ చెప్పాను. థీసిస్ పట్టుకుని నా గదికి వచ్చిన పిల్లల్లో చాలామంది డేటా అంతా తీసేశాకే వచ్చేవాళ్లు. ‘సార్, దీనికి ఏ టెస్ట్ వెయ్యాలి?’ అని అడిగేవాళ్లు. ఒకసారి ఒక అబ్బాయి రెండేళ్ల కష్టం, నీట్‌గా కట్టిన ఫారాల కట్టలు తెచ్చి నా టేబుల్ మీద పెట్టాడు. బీపీ మాత్రలు వాడేవాళ్లలో పక్షవాతం తక్కువా అని చూడాలన్నది అతని ఉద్దేశం. ఫారం తిరగేస్తే మాత్రలు ఎప్పుడు మొదలుపెట్టారన్న ప్రశ్నే లేదు. పక్షవాతం వచ్చాక మాత్రలు మొదలుపెట్టినవాళ్లూ, మాత్రలు వాడుతుండగా పక్షవాతం వచ్చినవాళ్లూ ఒకే గడిలో కలిసిపోయారు. ఏ టెస్టూ వాళ్లను విడదీయలేదు. ఆ అబ్బాయి ముఖం నాకు ఇప్పటికీ గుర్తుంది. మీరు డేటా తీయకముందే అడిగారు, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

పేర్లు బట్టీ పట్టాల్సిన పని లేదు. రెండు ప్రశ్నలు వేసుకుంటే చాలు.

మొదటి ప్రశ్న: ఎవరికి గుడ్డు అందాలో ఎవరు నిర్ణయించారు? పరిశోధకులు నిర్ణయిస్తే అది ప్రయోగం. పరిశోధకుల చేతిలో కూడా పెట్టకుండా చీటీకి వదిలేస్తే అది ర్యాండమైజ్డ్ ట్రయల్, అందరూ ఆర్‌సీటీ అనేది దాన్నే. తల్లి ఓపిక, నాన్నమ్మ మాట, అంగన్‌వాడీ దూరం, ఇంటి పరిస్థితి నిర్ణయిస్తే అది అబ్జర్వేషనల్ స్టడీ. అక్కడ మనం చూసేవాళ్లమే తప్ప చేసేవాళ్లం కాదు.

రెండో ప్రశ్న: అబ్జర్వేషనల్ అయితే, ఎక్కడ మొదలుపెట్టి ఎటు చూస్తున్నారు? గుడ్డు దగ్గర మొదలుపెట్టి ఎత్తు వైపు ముందుకు నడిస్తే కోహార్ట్. ఎత్తు దగ్గర మొదలుపెట్టి, అంటే ఎదుగుదల ఆగిన పిల్లల్నీ మామూలుగా ఎదిగిన పిల్లల్నీ ఎంచుకుని, వీళ్లు ఇదివరకు ఏం తిన్నారని వెనక్కి తవ్వితే కేస్ కంట్రోల్. రెండూ ఒకే రోజు చూస్తే క్రాస్ సెక్షనల్. మీ సీనియర్ ‘రెండు గుంపులున్నాయి కదా, ఒకటి కేస్, ఒకటి కంట్రోల్’ అనుకుని ఉంటుంది. చాలామంది పొరబడేది ఇక్కడే. ఫలితాన్ని బట్టి గుంపులు చేస్తేనే కేస్ కంట్రోల్ అవుతుంది. మీరు గుంపులు చేసింది గుడ్డును బట్టి.

కేస్ కంట్రోల్‌ను తక్కువ చేసి మాట్లాడేవాళ్లుంటారు. సిగరెట్‌కూ లంగ్ క్యాన్సర్‌కూ ఉన్న సంబంధం గట్టిగా బయటపడింది అలాంటి స్టడీలతోనే. 1950లో రిచర్డ్ డాల్, ఆస్టిన్ బ్రాడ్‌ఫర్డ్ హిల్ కలిసి లండన్‌లోని 20 ఆస్పత్రుల నుంచి లంగ్ క్యాన్సర్ రోగులు 709 మందిని, వేరే జబ్బులతో చేరిన రోగులు 709 మందిని పోల్చారు. క్యాన్సర్ ఉన్న మగవాళ్లు 649 మందిలో సిగరెట్ అలవాటు లేనివాళ్లు ఇద్దరే. వాళ్లతో పోల్చిన 649 మందిలో అలవాటు లేనివాళ్లు 27 మంది. అయినా ‘జబ్బు పడ్డవాడు తన అలవాట్లను ఎక్కువ చేసి చెప్తాడు’ అన్న అనుమానం మిగిలే ఉంది. అందుకే వాళ్లు రెండో దారి పట్టారు. 1951లో బ్రిటన్ డాక్టర్లకే ఉత్తరాలు రాసి సిగరెట్ అలవాటు అడిగారు. 40 వేల మందికి పైగా జవాబిచ్చారు. ఆ తర్వాత ఎవరు ఎప్పుడు, దేనితో చనిపోయారో ఏళ్ల తరబడి నమోదు చేస్తూ పోయారు. అది కోహార్ట్. సిగరెట్ సంగతి జబ్బు రాకముందే రాసి పెట్టేశారు కాబట్టి గుర్తు తెచ్చుకోవడంలో వచ్చే తేడాకు తావు లేదు. యాభై ఏళ్ల తర్వాత తేలింది ఏమిటంటే, జీవితమంతా సిగరెట్ తాగినవాళ్లు తాగనివాళ్ల కంటే సగటున పదేళ్లు ముందు చనిపోయారు. ఇక్కడ ఎవరికీ చీటీ వేసి సిగరెట్ ఇవ్వలేదు, ఇవ్వకూడదు కూడా. అయినా ఇవాళ ‘సిగరెట్ వల్ల’ అని నిస్సంకోచంగా రాస్తున్నాం. అబ్జర్వేషనల్ స్టడీతో ‘వల్ల’ దాకా వెళ్లడం అసాధ్యం కాదు. కాకపోతే ఒక్క స్టడీతో, ఒక్క థీసిస్‌తో వెళ్లలేం.

గుర్తు తెచ్చుకోవడం గురించి మీకు మీ సబ్జెక్టులోనే చెప్తాను. పొట్టిగా ఉన్న పిల్లవాడి తల్లిని ‘పోయిన సంవత్సరం వారానికి ఎన్ని గుడ్లు పెట్టావమ్మా?’ అని అడిగి చూడండి. ఆమె ఆగిపోతుంది. తన తప్పు ఏదైనా ఉందా అని వెతుక్కుంటుంది. కొందరు తగ్గించి చెప్తారు, కొందరు మీరు కోప్పడతారేమోనని పెంచి చెప్తారు. చక్కగా ఎదిగిన పిల్ల తల్లి ఒక్క క్షణంలో ‘రోజూ తింటదండీ’ అనేస్తుంది. ఇద్దరి జవాబులూ ఒకే తరాజులో తూగవు. అంగన్‌వాడీ హాజరు రిజిస్టర్ దగ్గర ఈ చిక్కు ఉండదు. ఈ రిజిస్టర్ మాట గుర్తుంచుకోండి, కింద మళ్లీ వస్తుంది.

ఇప్పుడు మీ ప్లాన్‌లో ఉన్న చిక్కు. అంగన్‌వాడీకి వచ్చేవాళ్లు, రానివాళ్లు. రానివాళ్లు ఎవరు? ఆలోచించండి. ఊళ్లో కాస్త ఉన్నవాళ్ల పిల్లలు మూడేళ్లకే వ్యాన్ ఎక్కి ప్రైవేటు నర్సరీకి వెళ్లిపోతారు. వాళ్లు రారు. వలస వచ్చిన ఇటుక బట్టీ కూలీల పిల్లలు కూడా రారు, ఊరి చివర తండా నుంచి నడవలేని పిల్లలూ రారు. ఇంట్లో గుడ్డు, పాలు, పండు అన్నీ ఉన్న పిల్లా, ఏదీ లేని పిల్లా మీ ‘రాని’ గుంపులో పక్కపక్కనే ఉంటారు. మీరు ఏ ఊరిని ఎంచుకున్నారన్న దాన్ని బట్టి ఫలితం అటో ఇటో తిరిగిపోతుంది. ఇంకోటి కూడా ఉంది. బరువు తక్కువగా ఉన్న పిల్లల్ని గుర్తించి, తల్లికి చెప్పి, ప్రత్యేకంగా కేంద్రానికి రప్పించే టీచర్లు ఉన్నారు. మంచి టీచర్ అయితే అదే చేస్తుంది. అప్పుడు మీ లెక్కలో గుడ్డు తినే పిల్లలే పొట్టిగా కనిపిస్తారు. ఎదుగుదల తక్కువ కాబట్టి గుడ్డు అందింది, మీకు మాత్రం గుడ్డు అందినా ఎదుగుదల తక్కువ అని కనిపిస్తుంది. ఒకే రోజు చూసే స్టడీలో ఏది ముందు, ఏది వెనక అన్నది తెలియదు.

ఇది ఊహించి చెప్తున్నది కాదు. ‘ఒప్పుకున్నవాళ్లు, ఒప్పుకోనివాళ్లు’ అన్న తేడా ఎంత లోతుగా ఉంటుందో 1954లో అమెరికాలో జోనస్ సాల్క్ పోలియో టీకాను పరీక్షించినప్పుడు కళ్లకు కట్టినట్టు తేలింది. క్లాసులో ఏటా తప్పకుండా చెప్పేవాడిని దీన్ని. కొన్ని ప్రాంతాల్లో తల్లిదండ్రులు ఒప్పుకున్న పిల్లల్ని చీటీ పద్ధతిలో రెండుగా విడదీశారు. సుమారు 2 లక్షల మందికి టీకా, 2 లక్షల మందికి ఉప్పునీటి ఇంజెక్షన్. ఎవరికి ఏది పడిందో పిల్లలకూ తెలియదు, జబ్బు నిర్ధారించే డాక్టర్లకూ తెలియదు. టీకా పడినవాళ్లలో లక్షకు 28 మందికి పోలియో వచ్చింది. ఉప్పునీరు పడినవాళ్లలో లక్షకు 71 మందికి. ఇక అసలు ఒప్పుకోని కుటుంబాల పిల్లలు సుమారు 3.5 లక్షల మంది ఉన్నారు. వాళ్లలో లక్షకు 46 మందికి వచ్చింది.

ఆ చివరి అంకె దగ్గర కాసేపు ఆగండి. ఉప్పునీరు పడిన పిల్లలకూ, ఒప్పుకోని పిల్లలకూ టీకా అయితే పడలేదు. మరి 71 ఎక్కడ, 46 ఎక్కడ? ఒప్పుకున్న కుటుంబాలు కాస్త ఉన్నవాళ్లు, ఇల్లు వాకిలి శుభ్రంగా ఉంచుకునేవాళ్లు. పోలియో అలాంటి చోటే ఎక్కువ దెబ్బ కొట్టేది. మురికిలో పెరిగిన పిల్లలకు తల్లి నుంచి వచ్చిన రక్షణ ఇంకా ఉండగానే, పసితనంలోనే ఆ వైరస్ తగిలి, ఏమీ కాకుండా పోయి, తర్వాత రక్షణ మిగిలేది. శుభ్రంగా పెరిగిన పిల్లలకు అది ఆలస్యంగా తగిలి కాళ్లు తీసుకునేది. ఉన్నవాళ్ల పిల్లలే ఆరోగ్యంగా ఉంటారని మనం అనుకుంటాం. ఇక్కడ సరిగ్గా తలకిందులైంది. వేరే ప్రాంతాల్లో చీటీ వేయకుండా, రెండో తరగతిలో ఒప్పుకున్నవాళ్లకు టీకా వేసి, ఒకటి, మూడు తరగతుల పిల్లలందరితో పోల్చారు. అక్కడ లక్షకు 25, 54 వచ్చాయి. ఒకవైపు ఒప్పుకున్నవాళ్లు మాత్రమే, మరోవైపు ఒప్పుకునేవాళ్లూ ఒప్పుకోనివాళ్లూ కలిసి. అందుకే టీకా ప్రభావం ఉన్నదానికంటే కాస్త తక్కువగా కనిపించింది. అదే టీకా, అదే సంవత్సరం, డిజైన్ మారేసరికి అంకె మారింది.

ఇలా మూడో విషయం ఒకటి రెండు వైపులా చెయ్యి పెట్టి లెక్క చెడగొట్టడాన్ని కన్‌ఫౌండింగ్ అంటారు. ఆదాయం, తల్లి చదువు, తల్లి ఎత్తు, పుట్టినప్పటి బరువు, మరుగుదొడ్డి వంటివి మీరు ఫారంలో అడిగి రిగ్రెషన్ అనే లెక్కలో సర్దుబాటు చేయొచ్చు. అడగనివాటిని సర్దలేరు. చీటీ గొప్పతనం అదే. మీకు తట్టినవీ తట్టనివీ అన్నింటినీ అది రెండు గుంపులకూ దాదాపు సమానంగా పంచేస్తుంది.

‘అయితే ఇప్పుడు కొలిచి, ఆరు నెలలు గుడ్డు తిన్నాక మళ్లీ కొలుస్తాను’ అని అనిపించొచ్చు. పోల్చడానికి వేరే గుంపు లేకుండా అది చేయకండి. మూడేళ్ల పిల్లలు గుడ్డు తిన్నా తినకపోయినా ఏడాదికి సుమారు 7 సెంటీమీటర్లు పెరుగుతారు.

ఇక మన దగ్గరే జరిగిన ఒక స్టడీ చెప్తాను, మీకు ఇది ప్రాణం లాంటిది. 1987 నుంచి 1990 వరకు హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ వాళ్లు నగరం పక్కన 29 పల్లెల్లో ఒక ట్రయల్ చేశారు. అప్పట్లో అంగన్‌వాడీలను నడిపే ఐసీడీఎస్ పథకం అన్ని మండలాలకూ ఒకేసారి రాలేదు, విడతలుగా వచ్చింది. పథకం వచ్చిన వైపు 15 ఊళ్లలో గర్భిణులకూ ఆరేళ్ల లోపు పిల్లలకూ రోజూ పోషకాహారం, మొక్కజొన్న సోయా పిండితో చేసిన ఉప్మా, అందింది. పథకం ఇంకా రాని పక్క ప్రాంతంలో 14 ఊళ్లు పోలికకు ఉన్నాయి. పదిహేనేళ్ల తర్వాత, 2003 నుంచి 2005 మధ్య, పరిశోధకులు ఆ ఊళ్లకు మళ్లీ వెళ్లారు. అప్పటి పసిపిల్లలు 13 నుంచి 18 ఏళ్ల వాళ్లయ్యారు. 1,165 మందిని పరీక్షించారు. ఉప్మా అందిన ఊళ్లలో పుట్టినవాళ్లు సగటున 14 మిల్లీమీటర్లు ఎక్కువ ఎత్తున్నారు. షుగర్ ముప్పును సూచించే ఇన్సులిన్ రెసిస్టెన్స్ కూడా వాళ్లలో తక్కువగా ఉంది.

దీన్ని ఏ పేరుతో పిలుస్తారు? ఇక్కడ గుడ్డిగా ‘ఆర్‌సీటీ’ అనేస్తే వైవాలో దొరికిపోతారు. ఎవరికి ఆహారం అందాలో ఇంటివాళ్లు నిర్ణయించలేదు. ఊరిని బట్టి అందింది. ఆ మేరకు మీ ప్లాన్ కంటే ఇది చాలా బలమైనది, ఎందుకంటే శ్రద్ధ ఉన్న తల్లీ లేని తల్లీ రెండు వైపులా ఉన్నారు. కానీ ఏ ఊళ్లకు అందాలో చీటీ కూడా నిర్ణయించలేదు, ప్రభుత్వ విస్తరణ క్రమం నిర్ణయించింది. ఆ రెండు ప్రాంతాల మధ్య ముందే తేడా ఉండి ఉండొచ్చన్న అనుమానానికి చోటు ఉంది. అందుకే ఇది కంట్రోల్డ్ ట్రయలే గానీ ర్యాండమైజ్డ్ కాదు. కొందరు ఇలాంటివాటిని క్వాసీ ఎక్స్‌పరిమెంట్ అంటారు. పదిహేనేళ్ల తర్వాత వాళ్లనే వెతికి పట్టుకున్నారు కాబట్టి ఆ భాగం కోహార్ట్ లాగా నడిచింది. నిజమైన స్టడీలు పుస్తకంలోని ఒక్క గడిలో ఒదిగి కూర్చోవు. పేరు కంటే ఈ వివరణ రాయగలిగితే ఏ ఎగ్జామినరైనా సంతోషిస్తాడు.

గుడ్డు మీదే చీటీ వేసి చేసిన ట్రయల్స్ కూడా ఉన్నాయి, మీ రివ్యూ ఆఫ్ లిటరేచర్‌లో ఇవి లేకపోతే లోటే. ఈక్వడార్‌లో 6 నుంచి 9 నెలల పసివాళ్లు 163 మందిని చీటీ పద్ధతిలో విడదీసి, ఒక గుంపుకు ఆరు నెలలు రోజుకో గుడ్డు ఇచ్చారు. 2017లో ఫలితం వచ్చింది. గుడ్డు తిన్నవాళ్ల పొడవు, వయసుకు తగ్గ జెడ్ స్కోరులో (అదే వయసు పిల్లల సగటుకు ఎంత దూరంలో ఉన్నారో చెప్పే కొలత) చెప్పాలంటే 0.63 ఎక్కువ. చాలా పెద్ద తేడా అది. అందరూ గుడ్డే మందు అన్నారు. రెండేళ్లకు ఆఫ్రికాలోని మలావీలో అదే వయసు పిల్లలతో, 660 మందితో, దాదాపు అలాంటి ట్రయలే చేస్తే మొత్తం మీద పొడవులో చెప్పుకోదగ్గ తేడా ఏదీ రాలేదు. అక్కడి పిల్లలు అప్పటికే చేపలు బాగా తింటున్నారన్నది పరిశోధకులు చూపిన కారణాల్లో ఒకటి. రెండూ చీటీ వేసినవే, రెండూ శ్రద్ధగా చేసినవే. చీటీ ‘వల్ల’ అనే మాటను ఆ ఊరికి, ఆ పిల్లలకు, ఆ తిండికి సంపాదించి పెడుతుంది. ఖమ్మం జిల్లాలో నాలుగేళ్ల పిల్లలకు అది వర్తిస్తుందా అన్నది మళ్లీ వేరే ప్రశ్న.

‘అయితే నేనూ చీటీ వేసి చేయనా?’ అంటారేమో. వద్దు. ఆరు నెలల నుంచి ఆరేళ్ల వరకు పిల్లలకు అంగన్‌వాడీ ఆహారం 2013 ఆహార భద్రతా చట్టం ఇచ్చిన హక్కు. స్టడీ కోసం సగం మందికి ఆపడానికి మీకు గానీ నాకు గానీ అధికారం లేదు, ఎథిక్స్ కమిటీ మొదటి పేజీలోనే ఆపేస్తుంది. చీటీకి చోటు ఉండేది అందరికీ ఒకేసారి ఇవ్వడం కుదరనప్పుడు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఐదు జిల్లాల్లో 180 పల్లెల్లో జరిగిన స్కూల్ వోచర్ల స్టడీ అలాంటిదే. ప్రైవేటు బడికి వెళ్లడానికి వోచర్ ఇస్తామంటే కోరుకున్న కుటుంబాలు ఉన్న వోచర్ల కంటే ఎక్కువ. అందుకని లాటరీ. ముందు ఏ ఊళ్లకు వోచర్లు రావాలో లాటరీ, తర్వాత ఆ ఊళ్లో ఎవరికి రావాలో లాటరీ. రెండు అంచెలు ఎందుకంటే, వోచర్ పిల్లలు వెళ్లిపోతే మిగిలిన పిల్లల చదువు మీద ఏమైనా ప్రభావం పడిందా అన్నది కూడా పోల్చి చూడాలి కదా. నాలుగేళ్ల తర్వాత తెలుగులో, లెక్కల్లో రెండు గుంపులకూ తేడా లేదు. హిందీలో మాత్రం వోచర్ పిల్లలు బాగా ముందున్నారు. మామూలుగా ప్రైవేటు బడి పిల్లల మార్కులనూ సర్కారు బడి పిల్లల మార్కులనూ పక్కపక్కన పెట్టి చూస్తే ప్రైవేటువాళ్లే ముందుంటారు. అందులో బడి వాటా ఎంత, ఇంటి వాటా ఎంత అన్నది లాటరీ వేస్తే గానీ విడిపోలేదు.

సరే, మీ పని దగ్గరికి వద్దాం. ఇలా మార్చుకోమని నా సలహా.

నాలుగు నుంచి ఐదేళ్ల మధ్య పిల్లల్ని తీసుకోండి. అంగన్‌వాడీ టీచర్ దగ్గర కుటుంబ సర్వే రిజిస్టర్ ఉంటుంది. అందులో కేంద్రానికి వచ్చే పిల్లలే కాదు, ఆ పరిధిలోని ఇళ్లన్నీ ఉంటాయి. మీ శాంపిల్ అందులోంచి ర్యాండమ్ నంబర్లతో తీయండి. టీచర్ ‘ఈ పిల్లల్ని కొలవండి మేడమ్’ అని ముందుకు తోసిన పిల్లలతో స్టడీ చేయకండి, ఆమె చూపించేది బాగున్న పిల్లల్నే. తర్వాత ‘వచ్చేవాళ్లు, రానివాళ్లు’ అనే రెండు గుంపులు వదిలేయండి. దాని బదులు గత ఏడాది హాజరు రిజిస్టర్ తీసి ప్రతి పిల్లకూ ఎన్ని రోజులు హాజరైందో రాసుకోండి. హాజరు పడిన రోజే గుడ్డు తిన్న రోజు అవునా కాదా అన్నది రెండు మూడు కేంద్రాల్లో కూర్చుని చూడండి. కొందరు తల్లులు గుడ్డు ఇంటికి పట్టుకెళ్తారు. ఈ హాజరు మీరు ఎత్తు కొలవకముందే, మీ స్టడీతో సంబంధం లేకుండా ఎవరో రాసిపెట్టింది. ఏడాది కిందట అదే పిల్ల ఎత్తు, బరువు గ్రోత్ రిజిస్టర్‌లో ఉంటే అవి కూడా తీసుకోండి. అక్కడి ఎత్తుల మీద పూర్తి నమ్మకం పెట్టుకోలేం గానీ, మొదట్లోనే ఎదుగుదల తక్కువగా ఉన్న పిల్లల్ని గుర్తించడానికి పనికొస్తాయి. ఇప్పుడు మీది క్రాస్ సెక్షనల్ కాదు, రెట్రోస్పెక్టివ్ కోహార్ట్, అంటే పాత రికార్డుల దగ్గర మొదలుపెట్టి ముందుకు చూసే కోహార్ట్. కోహార్ట్ అన్న మీ ఫ్రెండ్ మాట అలా నిజమవుతుంది. ముందు గుడ్డు, తర్వాత ఎత్తు అన్న వరస మీ చేతికి వస్తుంది. ఎక్కువ రోజులు వచ్చినకొద్దీ ఎత్తు ఎక్కువవుతోందా అని కూడా చూడగలుగుతారు. ఫారంలో ఒక ప్రశ్న తప్పకుండా పెట్టండి: రాని రోజుల్లో ఎందుకు రాలేదు? ఆ జవాబుల్లోనే మీ థీసిస్‌లో సగం విలువ ఉంటుంది.

కొలత గురించి రెండు మాటలు. తేడా ఒకటి రెండు సెంటీమీటర్లే వస్తుందనుకుంటే, కొలతలో సెంటీమీటరు తప్పు పోతే ఇక మిగిలేదేముంది? ఎత్తు కొలిచే స్టేడియోమీటర్ చదునైన నేల మీద పెట్టాలి. చెప్పులు, క్లిప్పులు తీయించాలి. నడినెత్తిన వేసిన పిలక జడ ఉంటే విప్పించాల్సిందే, అమ్మమ్మ విసుక్కున్నా సరే. మడమలు, పిరుదులు, భుజాలు వెనక పలకకు ఆనాలి, చూపు తిన్నగా ఉండాలి. ఒకరు మోకాళ్లు, మడమలు పట్టుకోవాలి, ఇంకొకరు గడ్డం కింద చెయ్యి పెట్టి తల నిలపాలి. ఏడుస్తున్న పిల్లను కొలవకండి, కాసేపాగి మళ్లీ రండి. రెండుసార్లు కొలిచి, అర సెంటీమీటరు కంటే ఎక్కువ తేడా వస్తే మూడోసారి కొలవండి. పుట్టిన తేదీ బర్త్ సర్టిఫికెట్‌లో చూసి రాయండి, నోటితో చెప్పింది కాదు, ఎందుకంటే రెండు నెలలు తప్పితే జెడ్ స్కోరు మొత్తం జరిగిపోతుంది. అన్నింటికంటే ముఖ్యం, ఎత్తు చదివే మనిషికి ఆ పిల్ల హాజరు ఎంతో తెలియకూడదు. గుడ్డు పని చేస్తుందని మనసులో ఉన్నవాళ్ల కన్ను 98.4ను 98.5గా చదువుతుంది, కావాలని కాదు, తెలియకుండానే. హాజరు మీరు రాసుకోండి, ఎత్తు మీ ఫ్రెండ్‌తో చదివించండి.

శాంపిల్ సైజ్ దగ్గర ఒక లెక్క వేసుకోవాలి. 300 మంది పిల్లల్ని పది కేంద్రాల నుంచి, ఒక్కో దాంట్లో 30 మంది చొప్పున తీస్తే అది 300 మంది విడివిడి పిల్లలతో సమానం కాదు. ఒకే కేంద్రం పిల్లలు ఒకే నీళ్లు తాగుతారు, ఒకే టీచర్ చేతి కింద ఉంటారు, ఒకరినొకరు పోలి ఉంటారు. ఆ పోలిక (0 అంటే అసలు లేదు, 1 అంటే అచ్చం ఒకేలా ఉన్నారు) 0.05 అనుకుంటే లెక్క ఇలా ఉంటుంది: 1 + (30 − 1) × 0.05 = 2.45. 300ను దాంతో భాగిస్తే సుమారు 122. అంటే మీ 300 మంది ఇచ్చే సమాచారం 122 మంది ఇచ్చేదే. అదే 30 కేంద్రాల నుంచి పది మంది చొప్పున తీస్తే భాగించేది 1.45తో, సుమారు 207 మంది విలువ దక్కుతుంది. తిరుగుడు ఎక్కువవుతుంది, నిజమే. కానీ ఒక్కో కేంద్రంలో పిల్లల్ని పెంచడం కంటే కేంద్రాలు పెంచడమే లాభం.

కన్‌క్లూజన్ ఎలా రాయాలో కూడా అడిగారు కాబట్టి, తేడా వస్తే ఇలా రాయండి: ‘గత ఏడాది అంగన్‌వాడీకి ఎక్కువ రోజులు హాజరైన పిల్లలు, తల్లి ఎత్తు, తల్లి చదువు, కుటుంబ ఆదాయం, పుట్టిన బరువు సర్దుబాటు చేశాక కూడా, తక్కువ రోజులు హాజరైన పిల్లల కంటే ఎక్కువ ఎత్తు ఉన్నారు.’ ‘గుడ్డు వల్ల’ అని రాయకండి, ఎందుకంటే అంగన్‌వాడీలో గుడ్డు ఒక్కటే లేదు. అన్నం, పప్పు, పాలు, టీకాల సంగతి గుర్తుచేయడం, ఇంటికి వచ్చి మాట్లాడే టీచర్, అన్నీ కలిసే ఉన్నాయి. తేడా రాకపోతే ‘అంగన్‌వాడీ ఆహారం ఉపయోగం లేదు’ అని కూడా రాయకండి. ‘ఈ సైజు శాంపిల్‌లో తేడా కనిపించలేదు’ అని రాసి, కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ (అసలు తేడా ఎంత నుంచి ఎంత వరకు ఉండొచ్చో చెప్పే హద్దులు) పక్కన పెట్టండి. అది వెడల్పుగా ఉంటే ఏ వైపూ చెప్పలేమని చదివేవాళ్లకే అర్థమవుతుంది.

టైటిల్‌లో ‘ప్రభావం’ అన్న మాట ఉంటే తీసేసి ‘సంబంధం’ అని మార్చండి. మీరు ఎవరికీ ఏమీ ఇవ్వడం లేదు కాబట్టి ఇది ట్రయల్ కిందికి రాదు, కానీ ఎథిక్స్ కమిటీ అనుమతి, తల్లిదండ్రుల సంతకం రెండూ కావాలి. రిజిస్టర్లు చూడటానికి అంగన్‌వాడీలను పర్యవేక్షించే అధికారి, అంటే సీడీపీఓ, ఆఫీసు నుంచి లెటర్ కావాలి, ఆలస్యమయ్యేది అక్కడే. సినాప్సిస్ రాస్తూ కూర్చోకుండా రేపే ఆ లెటర్ కోసం అప్లికేషన్ పెట్టి రండి. ముప్పై కేంద్రాల పేర్లు అందులోనే రాసి ఇవ్వండి, లేకపోతే ఒక్కో కేంద్రానికీ మళ్లీ వెళ్లాల్సి వస్తుంది.